సాగర్‌ దాకా... సైకిల్‌ మీద!

హైస్కూలు దూరమై చదువు మానేసే ఆడపిల్లలకు సైకిళ్లు కొనివ్వాలి. అందుకోసం ఒక్కరోజులో హైదరాబాద్‌ నుంచి నాగార్జునసాగర్‌ దాకా సైకిల్‌ తొక్కాలి. పదిహేనేళ్లుగా పెడల్‌ ముట్టని ఓ విలేకరి ఆ 140 కిలోమీటర్ల కోసం ఎలా సిద్ధమయ్యాడంటే...

'ఏం బిడ్డా, చైను పడ్డదా?'

తలెత్తి చూశాను. డెబ్భై ఏళ్లుంటాయేమో. పంచె పైకి మడిచి కట్టుకున్నాడు. నల్లటి పాత సైకిల్‌, వెనక క్యారియర్‌ మీద పచ్చగడ్డి మోపు. సాగర్‌ రోడ్డు మీద గున్‌గల్‌ దగ్గర నేనో రాయి మీద కూలబడి ఉన్నాను. పక్కనే ఇరవై ఒక్క గేర్లున్న నా కొత్త సైకిల్‌.

చైను బాగానే ఉంది. నా కాళ్లే పనిచేయడం మానేశాయి. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక 'లేదు తాతా, ఊరికే కూర్చున్నా' అన్నాను. ఆయన నా హెల్మెట్టునీ నల్లకళ్లజోడునీ చేతి తొడుగుల్నీ ఓసారి పైనుంచి కిందిదాకా చూశాడు. 'ఈడ ఎత్తు జర ఎక్కువనే ఉంటది. నడిపిచ్చుకుంట పో' అని సలహా ఇచ్చి, లేచి నిలబడి నాలుగు తొక్కులు తొక్కి వెళ్లిపోయాడు. గేర్లు లేవు, హెల్మెట్‌ లేదు. ఆయాసం అసలే లేదు!

ఎల్బీనగర్‌ నుంచి అప్పటికి నేను తొక్కింది దాదాపు ముప్ఫై కిలోమీటర్లు. పది వారాల్లో ఇదే రోడ్డు మీద 140 కిలోమీటర్లు తొక్కుతానని ఊరందరికీ చెప్పుకున్నాను. కొందరి దగ్గర డబ్బులు కూడా తీసుకున్నాను. ఇప్పుడేం చేయాలి?

మాటిచ్చిన వేళ...

సెప్టెంబరు చివర్లో ఓ ఆదివారం మా కాలనీ పార్కు దగ్గర నలుగురైదుగురు సైకిళ్లతో కనిపించారు. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒకావిడ లెక్చరర్‌, ఇంకొకరు రిటైరైన ఇంజినీరు. ఏటా డిసెంబరులో వీళ్లూ వీళ్ల స్నేహితులూ కలిసి ముప్ఫై మంది దాకా సాగర్‌కు సైకిళ్ల మీద వెళ్తారట. ఊరికే వెళ్లరు. తొక్కేవాళ్లంతా తెలిసినవాళ్ల దగ్గర చందాలు పోగుచేస్తారు. ఆ డబ్బుతో సాగర్‌ రోడ్డు పక్క పల్లెల్లో హైస్కూలుకు వెళ్లే ఆడపిల్లలకు సైకిళ్లు కొనిస్తారు. షరతు ఒక్కటే. ఒక్కొక్కరూ కనీసం ఐదు సైకిళ్లకు సరిపడా డబ్బు తేవాలి. మామూలు లేడీస్‌ సైకిల్‌ ధర ఐదారు వేల రూపాయలు. అంటే పాతికవేల పైమాటే!

ఆదివారం సంచికకు పనికొస్తుంది కదాని మాట కలిపాను. నాలుగు వివరాలు రాసుకుని లేచి రావాల్సింది. 'హైస్కూలు దూరమై మానేసే ఆడపిల్లలు' అన్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది.

మాది దేవరకొండ పక్కన చిన్న పల్లె. ఊళ్లో ఏడో తరగతి దాకానే బడి. హైస్కూలు ఆరు కిలోమీటర్లు. బస్సు రోజుకు రెండుసార్లు వచ్చేది, అదీ బడి వేళలకు కాదు. మా అక్క నాకన్నా ఐదేళ్లు పెద్దది. ఏడో తరగతిలో బడి మొత్తానికీ ఫస్టొచ్చింది. ఎనిమిదిలో చేరింది కూడా. నెలన్నరపాటు నడిచి వెళ్లొచ్చింది. వానలు పడి వాగు పారడం మొదలయ్యాక ఇంట్లో భయపడి మాన్పించారు. సైకిల్‌ కొనే స్తోమత అప్పుడు లేదు. ఉన్నా, ఆడపిల్ల సైకిల్‌ తొక్కడమేంటని నలుగురూ నాలుగు మాటలు అనేవాళ్లే.

ఐదేళ్లకు నేను ఎనిమిదో తరగతికి వచ్చాను. నాయిన అప్పు చేసి మరీ ఓ పాత సైకిల్‌ కొన్నాడు. ఆ సైకిల్‌ మీదే హైస్కూలు చదువు పూర్తిచేశాను. తర్వాత కాలేజీ, జర్నలిజం డిప్లొమా, ఈ ఉద్యోగం. పెళ్లయి వెళ్లేదాకా ప్రతి ఆదివారం ఆ సైకిల్‌ తుడిచి చైనుకు నూనె పెట్టింది మాత్రం మా అక్కే. ఇన్నేళ్లలో ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

'నా పేరు కూడా రాసుకోండి' అన్నాను.

ఆ రాత్రి అక్కకు ఫోన్‌ చేశాను. 'సైకిల్‌ మీద సాగర్‌ దాంక వోతవా? ఏందిరా తమ్మీ, బస్సులు బందయినయా?' అని ఒకటే నవ్వు. ఎందుకోసమో చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత 'మా ఊరి స్టేజి మీదికెళ్లే వోతరు గదా. ఆడ నిలవడ్త' అని ఫోన్‌ పెట్టేసింది.

సైకిళ్లలో హైబ్రిడ్‌!

హైబ్రిడ్‌ అంటే మన రైతులకు విత్తనాలు గుర్తొస్తాయి. ఇదీ అలాంటిదే, రెండు జాతుల సంకరం. పోటీల్లో వాడే రోడ్‌ బైక్‌కు సన్నటి టైర్లూ వంగిన హ్యాండిలూ ఉంటాయి. వేగం బాగా వస్తుంది కానీ నడుం వంచి తొక్కాలి, గుంతలు పడవు. కొండల్లో తిరిగే మౌంటెన్‌ బైక్‌కు లావుపాటి టైర్లు, షాక్‌ అబ్జార్బర్లు ఉంటాయి. ఎలాంటి దారైనా ఫర్వాలేదు కానీ బరువెక్కువ, తారురోడ్డు మీద ఎంత తొక్కినా ముందుకు పోదు. ఆ రెంటికీ మధ్య రకం హైబ్రిడ్‌. చక్రాలు రోడ్‌ బైక్‌ అంత పెద్దవి. టైర్ల వెడల్పు సాధారణంగా 35 నుంచి 40 మిల్లీమీటర్లు. హ్యాండిల్‌ తిన్నగా ఉంటుంది కాబట్టి నిటారుగా కూర్చుని నలువైపులా చూసుకుంటూ వెళ్లొచ్చు. మొదటిసారి దూరం వెళ్లేవాళ్లకు ఇదే మంచిదని ఇంజినీరుగారు చెప్పారు.

కొత్తది కొనాలంటే ఇంట్లో ఒప్పుకోవాలి కదా! మా ఆవిడ 'ముందు నెల రోజులు తొక్కండి, తర్వాత చూద్దాం' అంది. ఇంట్లో మూలనపడ్డ వ్యాయామం సామాన్లన్నీ ఆమెకు గుర్తున్నాయి మరి. చివరికి ఎవరో ఆర్నెల్లు తొక్కి పక్కన పెట్టిన సైకిల్‌ సగం ధరకు దొరికింది. నా వరకూ అదే కొత్తది.

కొన్న రోజే తెలిసిన మొదటి సంగతి... ఇన్నాళ్లూ నాకు సైకిల్‌ మీద కూర్చోవడమే రాదు! చిన్నప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనేలా సీటు పెట్టుకునేవాళ్లం. దూరం తొక్కడానికి అది పనికిరాదట. పెడల్‌ అడుగుకు వెళ్లినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు పూర్తిగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు అంతకన్నా కిందికుంటే మోకాళ్ల ముందువైపు నొప్పి, మరీ పైకుంటే వెనకవైపు నొప్పి. నా సీటు రెండు అంగుళాలు పైకి లేపారు. మొదట్లో ఏనుగెక్కినట్టనిపించింది. వారానికి మోకాళ్ల నొప్పి మాయం.

రెండో సంగతి గేర్లు. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు, మొత్తం ఇరవై ఒకటి. పెద్ద గేరులో బలంగా తొక్కడమే మగతనం అనుకున్నాను. గున్‌గల్‌ ఎత్తు దగ్గర కాళ్లు లాగేసింది అందుకే. తేలిక గేరులో నిమిషానికి 70-80 సార్లు పెడల్‌ తిరిగేలా తొక్కాలి. ఎత్తు మొదలయ్యాక మార్చడం కాదు, కనిపించగానే మార్చాలి. తాతకు గేర్లు లేవు కానీ ఆయనకు ఆ రోడ్డు తెలుసు. ఎత్తుకు ముందే ఊపు తెచ్చుకున్నాడు!

పది వారాల పాఠం

ఆ రోజు గున్‌గల్‌ నుంచి నేను తిరిగొచ్చింది ట్రాలీ ఆటోలో. ఆ సంగతి విని లెక్చరర్‌గారు నవ్వలేదు. 'ఒక్కసారే ముప్ఫై ఎందుకు వెళ్లారు? పదితో మొదలుపెట్టండి' అని కాగితం మీద పది వారాల పట్టిక రాసిచ్చారు. సూత్రం చాలా చిన్నది. ఈ వారం తొక్కిన మొత్తం దూరం మీద వచ్చే వారం పదో వంతుకు మించి పెంచకూడదు. వారంలో రెండు రోజులు గంట చొప్పున, ఆదివారం మాత్రం కాస్త దూరం. నాలుగో వారం దూరం తగ్గించి ఒంటికి విశ్రాంతి. అసలు ప్రయాణానికి రెండు వారాల ముందు వంద కిలోమీటర్లు తొక్కగలిగితే 140 కూడా తొక్కొచ్చు. చివరి వారం ఇంకేం చేయొద్దు. ఊరికే కాళ్లాడిస్తే చాలు. పరీక్ష ముందురోజు రాత్రంతా చదివినట్టు అప్పుడు తొక్కితే మొదటికే మోసం.

మామూలు రోజుల్లో తెల్లారుజామున ఐదింటికి నెక్లెస్‌ రోడ్డు. హుస్సేన్‌సాగర్‌ మీద పొగమంచు, మధ్యలో బుద్ధుడు, వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు. ఇదే ఊళ్లో పదిహేనేళ్లుగా ఉంటున్నాను. ఇంత నిశ్శబ్దంగా ఉండగా ఎన్నడూ చూడలేదు. రెండు ఆదివారాలు ఔటర్‌ రింగురోడ్డు పక్కన సోలార్‌ పలకల నీడలో వేసిన సైకిల్‌ దారి మీద తొక్కాను. 23 కిలోమీటర్ల ఈ దారిని 2023 అక్టోబరులో ప్రారంభించారు. కార్ల భయం లేకుండా గేర్లు నేర్చుకోవడానికి కొత్తవాళ్లకు బాగా పనికొచ్చింది.

కాళ్లకన్నా ముందు మొరపెట్టుకునేది కూర్చునే భాగం. మెత్తటి సీటు కొంటే సరిపోతుందనుకున్నాను. గంట దాటితే మెత్తటి సీటే ఎక్కువ ఒరుసుకుంటుందట. లోపల మెత్త కుట్టిన సైకిల్‌ నిక్కరు వేసుకోవాలి, దాని కింద ఇంకేమీ వేసుకోకూడదు. ఈ రెండో మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. మూడు ఆదివారాలు అనుభవించాక నాకు తెలిసింది.

ఇక తిండి. మన కండరాల్లో నిల్వ ఉండే చక్కెర గట్టిగా శ్రమిస్తే రెండు గంటలకు మించి రాదు. ఆ తర్వాత ఉన్నట్టుండి దీపం ఆరిపోయినట్టవుతుంది. కళ్లు తిరుగుతాయి, కారణం లేకుండా కోపమొస్తుంది. ఆకలేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. అందుకే ప్రతి నలభై నిమిషాలకూ ఓ అరటిపండో రెండు ఖర్జూరాలో పల్లీపట్టీనో తినాలి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, మధ్యమధ్యలో ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం లేదా ఓఆర్‌ఎస్‌. ఆఫీసులో నా బల్ల మీద పల్లీపట్టీల డబ్బా వెలిసింది ఆ రోజుల్లోనే. నాకన్నా డెస్కువాళ్లే ఎక్కువ తిన్నారనుకోండి!

చెయ్యి చాచడమే కష్టం

కాళ్లు లొంగాయి కానీ నోరు లొంగలేదు. డబ్బులడగడం నిజంగా కష్టం. తొలి వారం నేనే వెయ్యి రూపాయలు వేసి, చెల్లెలి వరస అయిన ఒకమ్మాయి దగ్గర ఐదొందలు తీసుకుని ఆగిపోయాను. ఓ మిత్రుడు 'డబ్బులు కావాలంటే ఇస్తాం కదా, మధ్యలో ఈ సైకిల్‌ తొక్కడమెందుకు?' అన్నాడు. నిజమే కదా! ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1980లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 36 మంది కలిసి కేన్సర్‌ చికిత్స, పరిశోధనల కోసం సైకిల్‌ యాత్ర చేస్తే వసూలైంది 10,200 డాలర్లు. 'పాన్‌ మాస్‌ ఛాలెంజ్‌' పేరుతో ఏటా సాగుతున్న ఆ యాత్ర ఇప్పటిదాకా సేకరించిన మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. ఊరికే అడిగితే ఇవ్వని డబ్బు తొక్కితే ఎందుకిస్తారు? జవాబు మా ఆఫీసులోనే దొరికింది. 'కిలోమీటరుకు పది రూపాయలిస్తా. ఎక్కడ ఆగిపోతే అక్కడికే లెక్క' అన్నాడు సబ్‌ ఎడిటర్‌ ఒకతను. దాంతో పందెం మొదలైంది. అతను ఐదు రూపాయలంటే ఈమె పన్నెండంది. నేను గున్‌గల్‌ దాటనని పందెం కాసినవాళ్లూ ఉన్నారు! సోమవారం ఉదయం రాగానే 'నిన్న ఎంత?' అని అడిగేవాళ్లు. నా దూరం పెరుగుతుంటే వాళ్ల జేబుకూ కాస్త కంగారు. ఆ కంగారులోనే అందరికీ ఆ ఆడపిల్లల సంగతి తెలిసింది.

ఇంకో ప్రశ్న మా మేనమామది. 'సైకిలిస్తే చదువుతరా? అమ్ముకుంటరు' అన్నాడు. దీనికి మాత్రం నా దగ్గర జవాబుంది. బిహార్‌ ప్రభుత్వం 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిల్‌ కోసం డబ్బు ఇచ్చింది. ఆర్థికవేత్తలు కార్తీక్‌ మురళీధరన్‌, నిషీత్‌ ప్రకాశ్‌ దాని ఫలితాన్ని లెక్కగట్టారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. అందులోనూ బడి మూడు కిలోమీటర్లకన్నా దూరమున్న ఊళ్లలోనే ఆ మార్పు ఎక్కువ. ఊళ్లోంచి పిల్లలు గుంపుగా వెళ్తుంటే అమ్మానాన్నల భయమూ తగ్గింది. అంతకు ముందు, 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు సైకిల్‌ నేర్పితే లక్షమందికి పైగా ఆడవాళ్లు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టర్‌ షీలారాణి చుంకత్‌ చొరవ అది.

అంతా విని మామయ్య రెండు వేలిచ్చాడు. 'మీ అక్కప్పుడు గిట్ల ఎవ్వరూ చెప్పలేదురా' అన్నాడు మెల్లగా. అక్కను మాన్పించమని ఆనాడు గట్టిగా పట్టుబట్టింది ఆయనే.

ఎదురెక్కి వచ్చే కృష్ణమ్మ

నవంబరు చివర్లో వంద కిలోమీటర్ల పరీక్ష. ఎల్బీనగర్‌ నుంచి మాల్‌ దాకా యాభై, తిరిగి యాభై. ఇబ్రహీంపట్నం చెరువు దాటాక నగరం వెనకబడుతుంది. రాళ్లగుట్టలు, తాటిచెట్లు, తెల్లగా విచ్చుకున్న పత్తి చేలు. ఎత్తు మొదలవుతుంటే నా గుండె కొట్టుకోవడం మొదలైంది. మళ్లీ గున్‌గల్‌!

నన్నంత ఏడిపించిన ఈ ఎత్తుకు ఓ కథ ఉందని ఇంజినీరుగారు చెప్పారు. హైదరాబాద్‌కు 2004 నుంచి వస్తున్న కృష్ణా తాగునీళ్లు ఈ దారినే వస్తాయి. సాగర్‌ వైపు కోదండాపురంలో శుద్ధిచేసిన నీటిని నసర్లపల్లి, గొడకండ్ల... ఇలా మెట్టుమెట్టుగా మోటార్లతో పైకి తోడి గున్‌గల్‌కు చేరుస్తారు. ఇక అక్కణ్నుంచి నగరానికి మోటార్ల అవసరం లేదు, వాలుకే వెళ్లిపోతాయి. అంటే ఈ దారికి నడినెత్తి గున్‌గలే! ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు ఇంత ఎత్తు ఎక్కి వస్తున్నాయని సైకిల్‌ తొక్కితే గానీ నాకు తెలియలేదు. ఆ రోజు చిన్న గేరులో, మాట్లాడుకుంటూ, ఆగకుండా ఎక్కేశాను. నేను కూర్చున్న రాయి అక్కడే ఉంది. దానికో దండం పెట్టాను.

మాల్‌లో ఇడ్లీ, చాయ్‌. తిరుగు ప్రయాణంలో యాచారం దగ్గర వెనక టైరు మెత్తబడింది. అప్పటిదాకా నా సంచిలో ట్యూబూ పంపూ మోసుకు తిరగడమే గానీ వాడింది లేదు. కిందామీదా పడి ట్యూబు మార్చి గాలి కొడితే ఐదు నిమిషాల్లో మళ్లీ అదే పరిస్థితి. తోసుకుంటూ పంచర్‌ షాపుకు వెళ్లాను. ఆ కుర్రాడు టైరు లోపల వేలితో తడిమి సన్నటి తుమ్మముల్లు తీసి నా చేతిలో పెట్టాడు. 'ముల్లు తియ్యకుండ ట్యూబ్‌ మారిస్తే మళ్ల పంచరే అయితది సార్‌' అన్నాడు. ఆ తర్వాత టైరు ఊడదీసి, నాచేతే ఎక్కించి చూశాడు. పనికి అరవై తీసుకున్నాడు. యాత్ర ఎందుకో విని, ఆ అరవైకి నలభై కలిపి 'నా పేరు గూడ రాస్కో సార్‌' అని వెనక్కిచ్చాడు. చందాల పుస్తకంలో ఆ వంద రూపాయలు ఇప్పటికీ అన్నింటికన్నా పైన కనిపిస్తాయి నాకు.

మీరూ బయల్దేరతారా?

* నలభై దాటినవాళ్లూ, బీపీ, షుగర్‌, గుండె సమస్యలున్నవాళ్లూ సాధన మొదలుపెట్టేముందే వైద్యుణ్ని కలవాలి.

* టైరులో ఎంత గాలి ఉండాలో దాని పక్కభాగంలోనే రాసి ఉంటుంది. బయల్దేరే రోజు చూసుకోండి. చాలా హైబ్రిడ్‌ సైకిళ్ల వాల్వు మోటారు సైకిళ్లకుండే రకమే కాబట్టి పెట్రోలు బంకులోనూ కొట్టించుకోవచ్చు, కానీ ఒకేసారి ఎక్కువ పట్టకుండా చూసుకోవాలి.

* సంచిలో రెండు ట్యూబులు, టైరు ఊడదీసే ప్లాస్టిక్‌ మీటలు, చిన్న పంపు, అలెన్‌ కీలు, కాసిని చిల్లర డబ్బులు ఉండాలి. ఇంట్లో ఒకసారైనా ట్యూబు మార్చి చూడండి.

* హెల్మెట్‌ తప్పనిసరి. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం తెల్లారాక కూడా వెలుగుతూ ఉండనివ్వండి.

* బూట్లయినా నిక్కరైనా తిండయినా... అసలు రోజున కొత్తది ఏదీ వద్దు.

* చందా ఇచ్చినవాళ్లకు ప్రయాణం అయ్యాక లెక్క చెప్పండి. మళ్లీ ఏడాది అడగాలి కదా!

ఆ రోజు రానే వచ్చింది

డిసెంబరు రెండో ఆదివారం, తెల్లారుజామున ఐదు. ఎల్బీనగర్‌ చౌరస్తాలో ముప్ఫై సైకిళ్లు, వెనకాల ఓ వ్యాను. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. చీకట్లో మా ముందు కదిలే ఎర్ర దీపాల్ని చూసుకుంటూ బొంగుళూరు దాటాం. ఇబ్రహీంపట్నం వచ్చేసరికి తూర్పు తేటపడింది. గున్‌గల్‌ ఎక్కేశాక ఒక్కసారిగా ఎండ మొహాన కొట్టింది. ఆఫీసు గ్రూపులో 'గున్‌గల్‌ దాటాను' అని పెట్టగానే పందెం ఓడినవాళ్ల ఏడుపు బొమ్మలు వరసగా వచ్చాయి.

హైదరాబాద్‌ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంటుంది. సాగర్‌ నిండుకుండలా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. ఇంకేం, దారంతా దిగుడే అనుకుంటాం. ఆ ఆశే ముంచుతుంది! దిగినట్టే దిగి మళ్లీ ఎక్కుతుంది రోడ్డు. మాల్‌, చింతపల్లి, గొడకండ్ల... బత్తాయి తోటలు, కంది చేలు, పిల్లల కేరింతలు. మల్లేపల్లి చేరేసరికి తొంభై కిలోమీటర్లకు చేరువయ్యాం. తొడలు బిగుసుకుపోయాయి. మరో గంటలో అక్క ఊరి స్టేజి. ఆ ఒక్క మాటే తలచుకుంటూ తొక్కాను.

పదకొండున్నరకు దూరంగా వేపచెట్టు కింద ఆకుపచ్చ చీర కనిపించింది. అక్క చేతిలో స్టీలు క్యాను, పక్కన మేనకోడలు, దాని చేతిలో సంచినిండా బత్తాయిలు. పదకొండు మంది ముందే వెళ్లిపోయారట, అందరికీ చల్ల పోసిందట. 'నువ్వెందుకురా ఇంత ఎనకొస్తున్నవ్‌?' అంది. రెండు గ్లాసుల చల్ల తాగాక గానీ నాకు మాట రాలేదు.

నేను చెట్టు కింద కూర్చుంటే అక్క సైకిల్‌ చుట్టూ తిరిగింది. హ్యాండిల్‌ పట్టుకుంది. గేరు నొక్కి చూసింది. చైను మీద వేలు పెట్టి నూనె ఉందో లేదో చూసుకుంది. అలవాటు పోలేదు! తర్వాత వెనక చక్రం పైన అరచేత్తో తడుముతూ నావైపు తిరిగింది.

'దీనికి క్యారియర్‌ లేదేందిరా? పుస్తకాలు ఏడ వెట్టుకుంటరు?'

దూరాలు తొక్కే సైకిళ్లకు బరువు తగ్గించడానికి క్యారియర్‌ పెట్టరని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె చూస్తున్నది నా సైకిల్‌ని కాదని అర్థమైంది. 'మేం ఇచ్చేటియి వేరే అక్కా. వాటికి ఉంటది' అన్నాను.

'గట్టిది వెట్టియ్యుండ్రి. టిఫిన్‌ గూడ పట్టాలె. ఎనక ఇంకో పిల్ల గూసున్నా ఇరగొద్దు' అంది. కొంగుముడి విప్పి ఐదొందల నోటు చేతిలో పెట్టింది. వద్దన్నాను. 'నీకు గాదుర' అంది.

చివరి నలభై అయిదు కిలోమీటర్లూ అన్నింటికన్నా కష్టం. ఎండ, ఎదురుగాలి. పీఏ పల్లి దగ్గర ఒకాయన కాలు పట్టేసి వ్యాను ఎక్కాడు. నేనూ రెండుసార్లు వ్యాను వైపు చూశాను. జేబులో ఐదొందల నోటు ఉంది. మళ్లీ తొక్కాను. మూడున్నరకు చివరి దిగుడు. ఎదురుగా కొండల మధ్య నీలంగా సాగర్‌! 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన డ్యాం ఇది. రాళ్లు మోసి, ఎక్కువగా మనుషుల చేతులతోనే కట్టిన ఆనకట్ట. వేలమంది కూలీలు ఏళ్ల తరబడి తలా ఒక రాయి ఎత్తారు. ఒడ్డున నిలబడి చూస్తుంటే మా ముప్ఫై మంది కష్టం ఎంత చిన్నదో తెలిసింది. చిన్నదైనా పని పనే అనిపించింది.

సైకిల్‌ స్టాండు వేయబోయాను. దీనికి స్టాండు కూడా లేదు! గోడకు ఆనించి అక్కకు ఫోన్‌ చేశాను.

నా లెక్క ఏడు సైకిళ్లకు వచ్చింది. జనవరిలో దుకాణానికి వెళ్లి సరుకు ఎంచేటప్పుడు నేనూ వెళ్లాను. ధర, రంగు, బుట్ట అన్నీ మిగతావాళ్లు చూసుకున్నారు. నేను మాత్రం వరసగా ఒక్కొక్క సైకిల్‌ వెనక్కి వెళ్లి, క్యారియర్‌ మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కి చూశాను.